టెక్ వార్తలు మీరంతా ఎక్కడ చదువుతున్నారు? నాకైతే వార్త కన్నా కింద కామెంట్లే నయం అనిపిస్తోంది

ఎల్2_బతుకులు

అందరికీ నమస్తే. కాస్త పొడుగు పోస్టు, తిట్టుకోకండి.

2025 జూన్‌లో 1600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్ అని వార్త వచ్చింది గుర్తుందా, గూగుల్, యాపిల్, ఫేస్‌బుక్ అన్నీ కొల్లగొట్టేసినట్టు ఎక్కడ చూసినా ఒకటే హడావిడి. మా నాన్న గారు రాజమండ్రిలో ఉంటారు, రిటైర్డ్ టీచరు. ఆయన అది చదివి పొద్దున్నే కూర్చుని జీమెయిలు, బ్యాంకు, ఆఖరికి కరెంటు బిల్లు యాప్ దాకా ఒక్కటి వదలకుండా పాస్‌వర్డ్‌లు మార్చేసి అన్నీ వెంకట్రామా క్యాలెండర్ వెనకాల రాసిపెట్టారు. రాయడం శ్రద్ధగానే రాశారు, కానీ సున్నా ఏదో ఇంగ్లీషు ఓ ఏదో ఆయనకే తెలీదు. రెండ్రోజులకి బ్యాంకు యాప్ లాకైపోయింది, శనివారం నేను బస్సెక్కి వెళ్లాల్సొచ్చింది. తీరా చూస్తే అది కొత్త హ్యాకే కాదంట. జనాల కంప్యూటర్లలో దూరి పాస్‌వర్డ్‌లు లాగే మాల్‌వేర్లు ఎప్పట్నుంచో పోగేసినవీ, పాత లీకుల్లోవీ, ఒకటే నాలుగుసార్లు రిపీటైనవీ అన్నీ కలిపి కట్టిన మూటలు. గూగుల్ సర్వర్లోకి ఎవడూ దూరలేదు. ఈ ముక్క నాకు ఏ తెలుగు సైట్లోనూ కనపడలేదు, ఒక ఇంగ్లీషు సైట్లో వార్త కింద ఎవరో సెక్యూరిటీలో పనిచేసేవాళ్లు రాసిన కామెంట్లో దొరికింది.

అంతకు ముందు 2024 జులై 19 కూడా అంతే, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడాకొట్టి విండోస్ మిషన్లు పడిపోయిన రోజు. శుక్రవారం. నాది మార్నింగ్ షిఫ్ట్, డెస్క్ మీద టిఫిన్ డబ్బా మూత తియ్యకముందే ఫోన్లు మొదలు. పదింటికల్లా మా ఫ్లోర్ మీద ఏ ల్యాప్‌టాప్ చూసినా నీలం స్క్రీనే, రీస్టార్ట్ అవుతుంది, ఏడుపు బొమ్మ చూపిస్తుంది, మళ్లీ రీస్టార్ట్. కేఫటేరియాలో టీవీలో ఏమో ‘మైక్రోసాఫ్ట్‌పై సైబర్ దాడి?’ అని ఎర్ర అక్షరాలు, ఆ ప్రశ్నార్థకం ఒకటి పెడితే చాలు ఏమైనా అనొచ్చు కదా. శంషాబాద్‌లో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చిన ఫొటో ఊరంతా తిరిగింది, అదొక్కటే ఆ రోజు నేను చూసిన నిఖార్సైన వార్త. అసలు ఏం చెయ్యాలో చెప్పింది మాత్రం ఎక్కడో కామెంట్లలో ఒక అడ్మిన్. సేఫ్ మోడ్‌లో ఎక్కించు, సిస్టమ్32 లోపల డ్రైవర్స్‌లో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌కి పో, సి-00000291 తో మొదలయ్యే ఫైల్ తీసెయ్, రీస్టార్ట్. అంతే, నాలుగు ముక్కలు. దానికి ముందు బిట్‌లాకర్ కీ, అంటే డిస్క్‌కి వేసిన తాళం తీసే నంబరు, కొట్టాలి, 48 అంకెలు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఫోన్లో చదివి చెప్పడం... ఒకావిడకి మూడుసార్లు చదివాక ‘బాబూ నా కీబోర్డులో నమ్ లాక్ ఆఫ్‌లో ఉంది’ అంది. సాయంత్రానికి గొంతు పోయింది.

నా ప్రశ్న ఏంటంటే, డబ్బులు తీసుకుని రాసేవాళ్ల వార్త ఇలా ఎందుకుంటోంది, ఊరికే రాసేవాడి కామెంట్ అలా ఎందుకుంటోంది? మీరు ఎక్కడ చదువుతారు? తెలుగులో ఏదైనా ఉందా అసలు? ‘ఫోన్లో ఈ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ పని ఖతం’ టైపు కాకుండా.

---

పాతకాపు_మైత్రీవనం

తమ్ముడూ, నీ 48 అంకెల కథ చదివి నవ్వాపుకోలేకపోయా, క్షమించు.

వయసైనోణ్ణి కాబట్టి పాత సంగతి చెప్తా. నేను అమీర్‌పేటలో కోర్సు చేసి వైటుకే గాలిలో అమెరికా వచ్చిపడ్డ బ్యాచ్. అప్పట్లో మాకు స్లాష్‌డాట్ అనే టెక్ వార్తల సైట్ అంటే పొద్దున కాఫీతో పాటు. 1997లో రాబ్ మాల్డా అని మిషిగన్‌లో ఒక కాలేజీ కుర్రాడు పెట్టాడు. వార్త అంటే అక్కడ నాలుగు లైన్లూ ఒక లింకూ, అంతకు మించి ఏమీ ఉండేది కాదు. అసలు సరుకంతా కింద కామెంట్లలోనే. ఏదో ఫైల్ సిస్టమ్ గురించి వార్త వస్తే, దాన్ని రాసినవాడే వచ్చి ‘మీరు చెప్పింది తప్పు, నేను అలా రాయలేదు’ అనేవాడు. నీ అడ్మిన్ లాంటి వాళ్లు వందల మంది.

అయితే వాళ్లు ఊరికే పైకి తేలేవాళ్లు కాదు, దానికి ఒక ఏర్పాటు ఉండేది. ప్రతి కామెంట్‌కీ మైనస్ 1 నుంచి 5 దాకా మార్కు. మార్కులేసే అధికారం ఎవరి సొత్తూ కాదు, మామూలుగా చదివేవాళ్లలోంచే సిస్టమ్ ఎవరినో ఎంచుకుని 5 పాయింట్లు చేతిలో పెట్టేది, మూడ్రోజుల్లో వాడకపోతే పోతాయి. ఏ చర్చలో మార్కులేస్తున్నావో అందులో నువ్వు నోరెత్తకూడదు. అంటే వాదించేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకడే కాకుండా. ఊరికే వేస్తే కుదరదు, ఎందుకో కూడా చెప్పాలి, సమాచారం ఉందనా, లోతుగా ఉందనా, నవ్వొచ్చిందనా, కావాలని గొడవ పెడుతున్నాడనా. మళ్లీ ఆ మార్కులు సరిగ్గా పడ్డాయా అని ఇంకొకళ్లు చూసేవాళ్లు. పేరు చెప్పకుండా రాస్తే ‘అనామక పిరికివాడు’ అని పడేది పైన, ఇంగ్లీషులో ఆ మాటే. నాకు మొదటిసారి 5 పాయింట్లు వచ్చిన రోజు మా ఆవిడకి చెప్తే ‘అవి పెట్టి పాలు కొనొచ్చా’ అంది.

అందరూ మార్కులు నాలుగూ అయిదూ ఉన్నవే చూసేలా పెట్టుకునేవాళ్లు. వెయ్యి కామెంట్లలో ముప్పై మిగిలేవి, ఆ ముప్పై చదివితే పత్రిక చదివినట్టే. ఇప్పుడు లైకులంటే ఏముంది, ఎవడైనా నొక్కొచ్చు, ఎందుకు నొక్కాడో చెప్పక్కర్లేదు, వాడే వాదించొచ్చు కూడా. నా లెక్కలో తేడా అంతా అక్కడే ఉంది.

తర్వాత అది అమ్ముడుపోయింది, ఒకళ్ల నుంచి ఒకళ్లకి చేతులు మారింది, డిగ్ అని అలాంటిదే ఇంకో సైట్ వచ్చింది, 2010లో డిగ్ వాళ్లు కొత్త డిజైన్ పెట్టి తమ కొంప తామే కూల్చుకున్నారు, జనం మూటాముల్లె సర్దుకుని రెడ్డిట్‌కి పోయారు. 2007లో మొదలైన హ్యాకర్ న్యూస్ ఇంకా ఉంది, నేను అక్కడే చదువుతా. అందులో కర్మ, అంటే మనం రాసినవాటికి జనం వేసిన పాయింట్లు, 500 దాటితే గానీ డౌన్‌వోట్ బటన్ కనపడదు, ఇంకో మంచి రూలేంటంటే ‘ఆర్టికల్ చదివావా అసలు’ అని ఎవర్నీ అడక్కూడదు. స్లాష్‌డాట్‌లో అయితే ఎవడూ చదివేవాడు కాదు, అదో పెద్ద జోకు.

---

ఓరుగల్లు_పోరడు

అన్నలూ మంచిగనే చెప్పిన్రు గానీ కామెంట్లను మరీ నెత్తిన పెట్టుకుంటున్రు.

గదే క్రౌడ్‌స్ట్రైక్ నాడు ఇంకో ముచ్చట తిరిగింది యాదికున్నదా, అమెరికాల సౌత్‌వెస్ట్ విమానాలు మాత్రం ఆగలేదు, ఎందుకంటే వాళ్లు ఇంకా విండోస్ 3.1 వాడుతున్నరు అని. ఎవడో ట్విట్టర్ల నవ్వులాటకు అన్నది. సైట్లన్నీ వార్త జేసినయ్, దానికింద మన కామెంట్ల మేధావులు ‘చూసిన్రా పాతదే గట్టిది’ అని వేల లైకులు గుద్దిన్రు. నేను గూడ గుద్దిన, అబద్ధమెందుకు. మా ఆఫీసుల పెద్దసారుకు గూడ చెప్పిన లంచ్‌ల. తర్వాత అది ఉత్తదని తెల్సినంక ఆయన మొహం చూడలేకపోయిన.

ఎల్‌కే-99 గూడ గట్లనే. 2023 జులైల కొరియా వాళ్లు మామూలు వేడిల, మామూలు గాలి ఒత్తిడిల పనిచేసే సూపర్‌కండక్టర్, అంటే కరెంటుకు అసలు అడ్డే లేని పదార్థం, దొరికింది అని ఆర్కైవ్ అనే పరిశోధన పేపర్ల సైట్ల పేపర్ పెట్టిన్రు, సగం లేచి సగం అయస్కాంతం మీద ఆనుకున్న నల్లరాయి వీడియో ఒకటి. నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ, రెండు వారాలు నిద్రపోలే. కామెంట్లల ఒక్కొక్కడు కరెంటు లైన్లు మారిపోతయ్, బుల్లెట్ ట్రైన్లు వరంగల్ దాకా వస్తయ్ అన్నట్టు రాసిన్రు. గండ్ల నిజంగ పని తెల్సినోళ్లు గూడ ఉన్నరు, కాదనను, ‘సగం లేసుడు మామూలు అయస్కాంత గుణానికి గూడ అయితది, ఆగుండ్రి’ అని మొదటిరోజే అన్నరు, గానీ వాళ్ల కామెంట్ ఎక్కడో అడుగున ఉండె. ఆశ పెట్టిన కామెంటే పైన ఉండె. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్లు గూడ చేసి చూసిన్రు, కాలే. ఆగస్టు నడిమిట్లకు తేలింది, అండ్ల కలిసిన కాపర్ సల్ఫైడ్ వల్ల రెసిస్టెన్స్ ఒక్కసారి పడిపోయిందని, 104 డిగ్రీల దగ్గర అది రూపు మారుతదట. సుద్ధంగ చేస్తే కరెంటే పోనియ్యదు.

గందుకే అంటున్న, మార్కులేసే పద్ధతి ఎంత మంచిదైనా జనానికి ఏది ఇష్టమో అదే పైకొస్తది. పాతకాపు అన్న చెప్పిన ముప్పై కామెంట్లల పది నవ్వులాట కామెంట్లే ఉండేటియి కావచ్చు, నిజం చెప్పన్నా.

---

పాతకాపు_మైత్రీవనం

పదిహేను. దొరికిపోయా.

---

వెబ్‌డెస్క్_బానిస

ఎల్2 అన్నా, డబ్బులు తీసుకుని రాసేవాణ్ణి నేనే. ఎక్కడ అని అడక్కండి.

మీరు అడిగారు కాబట్టి చెప్తా, నా షిఫ్ట్‌లో పద్నాలుగు ఐటమ్స్ పెట్టాలి. ఎనిమిది గంటలు. టీ, బాత్‌రూమ్ పోగా ఐటమ్‌కి అరగంట. అందులో టెక్ నాలుగు, మిగతావి రాశిఫలాలు, బంగారం ధర, ఏదో సినిమా ఓటీటీ డేట్. నేను జర్నలిజం చదివా, కంప్యూటర్ సైన్స్ కాదు, మా డెస్క్‌లో ఎవరూ కాదు. వార్త గూగుల్ డిస్కవర్‌లో, అంటే ఫోన్లో గూగుల్ తనే చూపించే వార్తల వరసలో, లేవాలి, లేస్తే లక్షల్లో చూస్తారు, లేవకపోతే మూడొందలు. దేనికి లేస్తుందో మాకు తెలీదు, మా ఎడిటర్ గారికి తెలీదు, కానీ హెడ్డింగ్‌లో భయం ఉంటే లేస్తుందని అందరికీ ఒక గట్టి నమ్మకం. అందుకే ఆ ‘ఇక అంతే సంగతులు’.

సోర్సు ఇంగ్లీషు కాపీ. ఇప్పుడైతే అది ఒక టూల్‌లో పడేస్తే తెలుగు వచ్చేస్తుంది, నేను సరిచెయ్యాలి. ఒకసారి ‘కెర్నల్ పానిక్’ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ ఆగిపోవడం) అనేది ‘కెర్నల్ భయాందోళన’ అని వచ్చింది. మా ఇంకో పిల్లాడు దాన్ని ఇంకా బాగు చేద్దామని ‘కల్నల్ భయాందోళన’ అని మార్చాడు, సైన్యం వార్త అనుకుని. నలభై నిమిషాలు లైవ్‌లో ఉంది. ‘బగ్ బౌంటీ’ని, అంటే సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపెట్టినవాళ్లకి ఇచ్చే బహుమతిని, ‘పురుగులకు బహుమతి’ అని నేనే పెట్టా, నిద్రలో ఉన్నా ఆ రోజు.

మీరన్న 1600 కోట్ల వార్త నేనూ రాశా. మీ నాన్న గారు చదివింది నాదే అయ్యుంటే సారీ అన్నా. మర్నాడు అది కొత్త లీక్ కాదని ఇంగ్లీషు సైట్లలో చూశా, మా సీనియర్‌తో అన్నా, సవరణ వేద్దామా అని. ‘నిన్నటిది ఎవడు చూస్తాడు రా, ఈ రోజు నాలుగు ఇంకా పెండింగ్ ఉన్నాయి’ అన్నారు. అదీ నిజమే, నిన్నటిది ఎవడూ చూడడు. చూసినవాడు చూసేసి పాస్‌వర్డ్ మార్చేసుకున్నాడు. కామెంట్లు మా సైట్లో ఉన్నాయి కానీ అక్కడ కులాల గొడవే, ఎవరైనా ‘ఇది తప్పు’ అని రాసినా నాకు చేరదు, చూసే డ్యూటీ ఎవరికీ లేదు.

---

క్యూఏ_అక్క

వెబ్‌డెస్క్ తమ్ముడు చివర్లో చెప్పిన ముక్కే నాకు అసలు జవాబు అనిపించింది. తప్పు ఎవరైనా చేస్తారు, నేను టెస్టింగ్‌లో పదిహేనేళ్లుగా తప్పుల మీదే బతుకుతున్నా. తప్పని ఎవరో చెప్తే అది రాసినవాడి దాకా చేరుతుందా, చేరాక మారుతుందా, మారిందని పైన రాస్తారా? నేను ఏ సైట్ అయినా ముందు అదే చూస్తా. వార్త కింద ‘ఫలానా లైన్ సరిచేశాం’ అని లేని సైట్ అంటే తప్పులు చెయ్యనిది కాదు, దాచేదన్నమాట.

లినక్స్ పనిచేసేవాళ్లెవరైనా ఉంటే ఎల్‌డబ్ల్యూఎన్ అనే వార్తల సైట్ చూడండి, 1998 నుంచి ఉంది. చందాతో నడుస్తుంది, కొత్త ఆర్టికల్స్ ముందు చందాదార్లకి, వారం పైన అయ్యాక అందరికీ ఫ్రీ. నేను చందా కట్టను, వారం ఆగి చదువుతా, మధ్యతరగతి బుద్ధి పోదు కదా. అక్కడ ఆర్టికల్ కింద కెర్నల్ రాసేవాళ్లే వచ్చి ‘ఇక్కడ పొరబడ్డారు’ అంటారు, రాసినాయన ‘అవును’ అని మారుస్తారు. ఎంత నెమ్మదిగా ఉంటుందో. వెనకాల ఎవడో తరుముతున్నట్టు ఉండదు.

ఇంకోటి, వార్త కన్నా అసలు కాగితం చదవడం మేలు. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్లే 2024 ఆగస్టు 6న మొత్తం రిపోర్టు పెట్టారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ దేన్ని వెతకాలో చెప్పే ఫారం లాంటిదాంట్లో 21 గడులు పెట్టారు, లోపల కోడ్ మాత్రం 20 విలువలే అందిస్తోంది. ఇన్నాళ్లూ ఆ ఇరవై ఒకటో గడిలో ‘ఏదైనా పర్లేదు’ అని ఉండేది కాబట్టి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు పంపినదాంట్లో మొదటిసారి అక్కడ నిజంగా ఏదో వెతకమన్నారు, అది పోయి లేని చోట చదవబోయింది, అది ఉన్నది కెర్నల్‌లో కాబట్టి విండోస్ మొత్తం పడింది. మైక్రోసాఫ్ట్ లెక్కన 85 లక్షల మిషన్లు. మన టైమ్‌లో పొద్దున 9:39కి పంపారు, 10:57కి వెనక్కి తీసుకున్నారు. అప్పటికే పడ్డవి పడిపోయాయి. దీన్ని నేను మా టీమ్‌లో కొత్త పిల్లలకి కథలా చెప్తా, ఇరవై ఒకటో గడి కథ అని. తెలుగులో ఒక్కరు రాసి ఉంటే లింక్ పంపేదాన్ని. సైబర్ దాడి అన్నారు, తర్వాత మర్చిపోయారు. ముందురాత్రి అమెరికాలో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసు అజూర్ ఒక రీజియన్‌లో పడింది, అది వేరే గొడవ, రెండూ కలిపేసి మైక్రోసాఫ్ట్ నెత్తిన పెట్టారు.

తెలుగులో ఏమైనా ఉందా అన్నారు. ఉండేదండీ. కంప్యూటర్ ఎరా అని నల్లమోతు శ్రీధర్ గారి పత్రిక, నేను ఇంటర్‌లో ఉండగా తెనాలి స్టేషన్ బుక్‌స్టాల్‌లో కొనేదాన్ని. నాకు కంప్యూటర్ లేదు అప్పుడు, ఊరికే చదివేదాన్ని, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ అంటే ఏంటో కంప్యూటర్ చూడకముందే తెలుసు నాకు! ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్ ఉంది, చదవడానికి ఏమీ లేదు.

కామెంట్ల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతా. పాతకాపు గారు మెచ్చుకునే ఆ పాతకాలంలో నేను ఒక ఇంగ్లీషు ఫోరంలో ఆడపేరుతో డౌట్ అడిగా. మొదటి జవాబు ‘గూగుల్ చెయ్’, రెండోది చెప్పను. తర్వాత అదే డౌట్ మగపేరుతో అడిగితే మూడు పేజీల వివరణ వచ్చింది. అందుకే ఇక్కడ ‘అక్క’ అని దర్జాగా పెట్టుకున్నా.

---

బెజవాడ_బుల్లోడు

ఇంత చదివే ఓపిక లేదు, ఎవరైనా నాలుగు లైన్లలో చెప్పండి బ్రో

---

ఓరుగల్లు_పోరడు

నీ కోసమే తమ్ముడూ వెబ్‌డెస్క్‌ల షిఫ్టుకు పద్నాలుగు రాస్తున్నరు

---

ఎల్2_బతుకులు

😂😂

అందరికీ థ్యాంక్స్. క్యూఏ అక్కా, ఇరవై ఒకటో గడి కథ నాకు ఇన్నాళ్లూ తెలీదు, ఆ ఫైల్ చేత్తో రెండొందల మిషన్లలో తీసేసినవాణ్ణి, ఎందుకు పడిందో ఇవాళ తెలిసింది. సిగ్గుగా ఉంది కానీ నిజం. పోరడు బ్రో చెప్పిందీ ఒప్పుకుంటా, ఆ విండోస్ 3.1 నేను కూడా మా గ్రూపులో ఫార్వర్డ్ చేశా. ఇక్కడ మొన్న ఎవరో అన్నారు 2016లో 2000 నోటులో జీపీఎస్ చిప్ అని నమ్మినవాళ్లు చదువులేనివాళ్లు అని. 120 మీటర్ల లోతులో పాతిపెట్టినా శాటిలైట్ కనిపెడుతుందన్నారు, టీవీలో గంట ప్రోగ్రాములు వేశారు, ఆర్‌బీఐ అలాంటిదేం లేదన్నా ఆగలేదు. అప్పుడు బీటెక్ ఫైనలియర్‌లో ఉన్న నేను, అదీ ఈసీఈ, నోటుని లైట్‌కి అడ్డం పెట్టి చిప్ వెతికా. బ్యాటరీ లేకుండా సిగ్నల్ ఎలా పంపుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

వెబ్‌డెస్క్ తమ్ముడూ, మా నాన్న గారికి నీ పోస్టు చదివి వినిపించా. ఆయన ‘పాపం పద్నాలుగా’ అన్నారు. కోపం లేదు అనుకో.

---

వెబ్‌డెస్క్_బానిస

మీ నాన్న గారికి నమస్కారాలు చెప్పండి అన్నా.

అక్కా, మీరు చెప్పిన ఆ గడుల కథ నేను రాయొచ్చా? ఇప్పుడు డిస్కవర్‌లో లేవదు, పాతది కదా, కానీ ఆదివారం షిఫ్ట్‌లో ఎడిటర్ గారు ఉండరు, ఒకటి నాకిష్టమైంది పెట్టుకోవచ్చు. రాసి ముందు మీకు చూపిస్తా. ఒకటే డౌట్, సాఫ్ట్‌వేర్‌లో లోపం సరిచేసే ‘ప్యాచ్’ని తెలుగులో ఏమని రాయాలి, టూల్‌లో ‘అతుకు’ అని వస్తోంది.

---

క్యూఏ_అక్క

ప్యాచ్ అనే రాయి నాన్నా. రాసి పంపు, శనివారం రాత్రి పదిలోపైతే చూస్తా, ఆ తర్వాత నాకు రిలీజ్ ఉంది.